ఏ సంఖ్య పెట్టి చూశారు?



ఏదైనా ఒక సంఖ్య తలుచుకోండి. కాగితం, కలం అక్కర్లేదు, మనసులోనే చాలు. ఆ సంఖ్యను దానితోనే హెచ్చవేయండి. వచ్చిన లబ్ధం మీరు మొదట తలుచుకున్నదానికంటే పెద్దదేనా?

ఈ ప్రశ్న వేస్తే చాలామంది 2 తలుచుకుంటారు. లేదంటే 5, కొంచెం ఓపిక ఉన్నవాళ్లు 10. రెండు రెళ్లు 4, ఐదు ఐదులు 25, పది పదులు 100. "పెద్దదేనండీ, అందులో అనుమానం ఏముంది?" అనేస్తారు. అర తలుచుకునేవారు అరుదు. అరలో అర పాతిక. పాతికలో పాతిక వీసం. ఇక్కడ హెచ్చవేసిన కొద్దీ సంఖ్య చిక్కిపోతోంది. పోనీ 1 తలుచుకుంటే? పెరగదు, తరగదు. సున్నా సంగతీ అంతే.

నేను "ఒక సంఖ్య" అన్నాను గాని "పూర్ణాంకం" అనలేదు. "ఒకటి కంటే పెద్ద సంఖ్య" అని అసలే అనలేదు. ఆ రెండు షరతులూ మనకు మనమే పెట్టుకున్నాం. ఎక్కాలు చదివిన నోటికి 2, 3, 5 అలా వచ్చేస్తాయి మరి.

ఈ అలవాటు మీదే గురిపెట్టి ప్రశ్నలు తయారుచేసేవాళ్లున్నారు. అమెరికాలో పైచదువులకని మన పిల్లలు రాసే జీఆర్‌ఈ పరీక్షలో రెండు రాశుల్ని పక్కపక్కన పెట్టి పోల్చమనే ప్రశ్నలు కొన్ని వస్తాయి. ప్రశ్నలు మారతాయి గాని జవాబులు ఎప్పుడూ ఆ నాలుగే: ఎడమది పెద్దది, కుడిది పెద్దది, రెండూ సమానం, ఇచ్చిన సమాచారంతో తేల్చలేం. నంద్యాలలోనో అమీర్‌పేటలోనో బ్యాంకు పరీక్షలకు తయారవుతున్నవాళ్లకు ఇదే సరుకు ఇంకో రూపంలో తగులుతుంది. రెండు వర్గ సమీకరణాలు ఇచ్చి, ఎక్స్ పెద్దదా వై పెద్దదా అంటారు. "సంబంధం నిర్ధారించలేం" అన్నది అక్కడా ఒక ఐచ్ఛికమే.

కుర్రవాడు 2 పెట్టి చూస్తాడు, ఎడమది పెద్దది. 3 పెట్టి చూస్తాడు, ఎడమదే. అనుమానం తీరక 10 కూడా పెడతాడు, మళ్లీ ఎడమదే. మూడుసార్లు చూశానన్న ధైర్యంతో గుర్తు పెట్టేస్తాడు. నిజానికి అతను చూసింది ఒక్కసారే. 2, 3, 10 మూడూ ఒకే జాతి సంఖ్యలు: మూడూ ధన సంఖ్యలు, మూడూ పూర్ణాంకాలు, మూడూ 1 కంటే పెద్దవి. వాటిలో ఒకటి చెప్పిన సాక్ష్యమే మిగతా రెండూ చెబుతాయి.

అంటే, పెట్టి చూడటంలో ఎన్ని సంఖ్యలన్నది కాదు, ఎన్ని రకాలన్నదే లెక్క. మరి ఎన్ని రకాలు?

సంఖ్యారేఖను కళ్లముందు ఊహించుకోండి. నడుమ సున్నా, కుడివైపు 1, ఎడమవైపు మైనస్ 1. ఈ మూడు చుక్కలూ రేఖను నాలుగు ముక్కలు చేస్తాయి. నాలుగు ముక్కలు, మూడు చుక్కలు, మొత్తం ఏడు చోట్లు. ఎక్స్, ఎక్స్ వర్గం, ఎక్స్ ఘనం, ఈ మూడింటినీ తీసుకుని ఆ ముక్కల్లో ఒక్కోచోట ఆగుతూ వెళదాం.

1కి కుడివైపు 2 దగ్గర ఆగితే, వర్గం 4, ఘనం 8. ఎక్స్ చిన్నది, వర్గం దానికంటే పెద్దది, ఘనం అన్నిటికంటే పెద్దది. ఇది అందరికీ తెలిసిన వరసే. సున్నాకీ ఒకటికీ మధ్య అర దగ్గర ఆగితే, వర్గం పాతిక, ఘనం ఎనిమిదో వంతు. వరస పూర్తిగా తిరగబడింది. ఎడమ కొసన మైనస్ 2 దగ్గరికి పోతే, వర్గం 4, ఘనం మైనస్ 8. ఘనం అన్నిటికంటే కింద పడింది, వర్గం అన్నిటికంటే పైకి పోయింది.

మిగిలింది మైనస్ 1కీ సున్నాకీ మధ్య ఉన్న ఇరుకు సందు. పరీక్షల్లో ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. మైనస్ అర తీసుకుందాం. వర్గం పాతిక, అది ధన సంఖ్యే. ఘనం మైనస్ ఎనిమిదో వంతు. ఇప్పుడు మైనస్ అర పెద్దదా, మైనస్ ఎనిమిదో వంతు పెద్దదా? ఎనిమిదో వంతు అర కంటే చిన్నది కాబట్టి చెయ్యి చప్పున తప్పు వైపుకు పోతుంది. అప్పుగా చూస్తే చిక్కు విడిపోతుంది. ఒకతను అర్ధరూపాయి బాకీ ఉన్నాడు, ఇంకొకతను పన్నెండున్నర పైసలు బాకీ ఉన్నాడు. ఎవరి స్థితి మెరుగు? పన్నెండున్నర పైసలవాడిదే కదా. కాబట్టి మైనస్ ఎనిమిదో వంతే పెద్దది. ఇక్కడ వరస ఎక్స్, ఘనం, వర్గం. నాలుగు ముక్కలకు నాలుగు వేరువేరు వరసలు వచ్చాయి, ఏ రెండూ కలవలేదు.

అప్పు అన్నమాట నేను కల్పించింది కాదు. భిల్లమాలలో ఉండిన బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో సంఖ్యల్ని ధనం, ఋణం, శూన్యం అని మూడు రకాలు చేసి, సూత్రాలు కూడా రకాన్ని బట్టే చెప్పాడు. ధనాన్ని ధనంతో కలిపితే ఏమిటి, ఋణాన్ని ఋణంతో హెచ్చిస్తే ఏమిటి, శూన్యంతో అయితే ఏమిటి, ఇలా ప్రతి జతకూ విడివిడిగా. పెద్దది, చిన్నది అని మనం ఇప్పుడు వేసే ఆ కోణపు గుర్తులు అచ్చులో కనిపించింది 1631లో, థామస్ హారియట్ పుస్తకంలో, ఆయన పోయిన పదేళ్లకు. గుర్తులకంటే రకాలు వెయ్యేళ్లు ముందు పుట్టాయన్నమాట.

ఒక అక్షరం ఉన్నచోట ఏడు చోట్లు చూస్తే సరే. రెండు అక్షరాలు వచ్చేసరికి కథ పాకాన పడుతుంది. ఎక్స్‌ను వైతో భాగిస్తే 1 కంటే ఎక్కువ వచ్చింది. అయితే ఎక్స్ వై కంటే పెద్దదేనా? 6ను 3తో భాగిస్తే 2 వచ్చింది. 6 పెద్దదే. ఇంకేం, అడ్డగుణకారం చేసేయొచ్చు కదా అనిపిస్తుంది. మైనస్ 3ను మైనస్ 2తో భాగించి చూడండి. ఒకటిన్నర వస్తుంది, 1 కంటే ఎక్కువే. కాని మైనస్ 3 మైనస్ 2 కంటే చిన్నది. హారంలో ఉన్నది ధనమో ఋణమో తెలియకుండా దాన్ని అవతలి వైపుకు తీసుకుపోయి హెచ్చవేయడం అసమీకరణాల్లో అన్నిటికంటే ఖరీదైన అలవాటు. సమీకరణాల్లో ఆ పని చేసినా పెద్దగా నష్టం లేదు, సమానం గుర్తుకు కుడి ఎడమలు పట్టవు. అసమీకరణంలో రుణ సంఖ్యతో హెచ్చవేసిన మరుక్షణం గుర్తు తిరగబడాలి.

విలోమాల సంగతీ ఇంతే. ఏ అన్నది బీ కంటే పెద్దదైతే, 1 బై ఏ అన్నది 1 బై బీ కంటే చిన్నది అని పిల్లలు వల్లిస్తారు. 3, 2 పెట్టండి: మూడో వంతు అర కంటే చిన్నదే, నిలబడింది. రెండూ రుణ సంఖ్యలు పెట్టండి, మైనస్ 2, మైనస్ 3: మైనస్ అర, మైనస్ మూడో వంతు కంటే చిన్నదే, మళ్లీ నిలబడింది. ఇప్పుడు ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టండి. 2, మైనస్ 3. విలోమాలు అర, మైనస్ మూడో వంతు. అర చిన్నది కాలేదు, సూత్రం కూలింది. రెండు అక్షరాలున్నప్పుడు రెండూ ధనాలు, రెండూ రుణాలు అని చూసి ఊరుకుంటే చాలదు, చెరొక పక్కా పెట్టి చూడాలి. ఇంకొకటి, ఎక్స్, వై అని రెండు పేర్లు పెట్టినంత మాత్రాన విలువలు వేరుగా ఉండాలని ఎక్కడా లేదు. రెండూ 5 కావచ్చు. "కంటే పెద్దది" అన్నచోట "కంటే పెద్దది లేదా సమానం" అయిపోయేది చాలావరకు ఈ జతల వల్లే.

ఇంతవరకు విన్నవాళ్లు, సరే, ఏడు చోట్లు కంఠతా పడితే గండం గడిచినట్టే అనుకుంటారు. కోచింగ్ సెంటర్లలో గోడమీద రాసేదీ ఆ ఏడు చోట్లే. ఇప్పుడు ఆ ఏడింటినీ తప్పించుకుని పోయే ఒక మాట చెబుతాను.

ఎక్స్ వర్గానికి 6 కలపండి. అది 5 ఎక్స్‌ల కంటే తక్కువ కాదు అంటున్నాను. పరీక్షించండి. సున్నా పెడితే ఎడమవైపు 6, కుడివైపు సున్నా. 1 పెడితే 7, 5. 2 పెడితే 10, 10, సమానం. 3 పెడితే 15, 15, మళ్లీ సమానం. 4 పెడితే 22, 20. 10 పెడితే 106, 50. అర పెడితే ఆరుంబావు, రెండున్నర. రుణ సంఖ్యలు పెడితే చెప్పనే అక్కర్లేదు, ఎడమవైపు ధనం, కుడివైపు రుణం. ప్రపంచంలో ఉన్న పూర్ణాంకాలన్నీ పెట్టినా ఇది నిలబడుతుంది. కోటి పూర్ణాంకాలు కంప్యూటర్‌లో వేసి చూసినా ఒక్కటీ తప్పదు.

రెండున్నర పెట్టండి. రెండున్నర వర్గం ఆరుంబావు. దానికి ఆరు కలిపితే పన్నెండుంబావు. అయిదు రెండున్నరలు పన్నెండున్నర. పావు తక్కువ. మాట తప్పింది.

రెండుకూ మూడుకూ మధ్య, ఆ ఒక్క సందులోనే ఇది అబద్ధం, మిగతా అంతటా నిజం. ఏడు చోట్ల పట్టికలో "ఒకటి కంటే పెద్దది" అన్న చోటు ఉంది, రెండున్నర అందులోనిదే. కాని అక్కడ 2, 3, 10 పెట్టినవాడికి ఇది దొరకదు. మరి రెండున్నర పెట్టాలని నాకెలా తెలిసింది?

రెండు వైపులూ ఎక్కడ సమానమవుతాయో చూశాను, అంతే. 5 ఎక్స్‌లను ఎడమవైపుకు తెచ్చి కారణాంకాలుగా విడగొడితే, ఎక్స్ మైనస్ 2 ఒకటి, ఎక్స్ మైనస్ 3 ఒకటి, ఆ రెంటి లబ్ధం వస్తుంది. పదో తరగతి లెక్కే. అది సున్నా అయ్యేది 2 దగ్గర, 3 దగ్గర మాత్రమే. బహుపది విలువ గెంతులు వేయదు. ధనం నుంచి రుణానికి పోవాలంటే దారిలో సున్నాను తొక్కక తప్పదు. ఇది చూస్తూనే తెలిసిపోయే మాటలా ఉంటుంది గాని, దీన్ని బొమ్మ మీద ఆధారపడకుండా నిరూపించింది బోల్జానో, ప్రాగ్‌లో, 1817లో. సున్నాలు 2 దగ్గర, 3 దగ్గర మాత్రమే ఉన్నాయంటే, 2కు ముందున్న ముక్క అంతా ఒకే గుర్తు, నడిమి ముక్క అంతా ఒకే గుర్తు, 3 తర్వాతి ముక్క అంతా ఒకే గుర్తు. కాబట్టి మూడు ముక్కలకు మూడు సంఖ్యలు చాలు: సున్నా, రెండున్నర, 10. సరిహద్దులు 2, 3 ఎలాగూ తెలిసినవే. ఈ మూడు సంఖ్యలు పెట్టి చూడటం ఊరికే అనుమానం తీర్చుకోవడం కాదు, నిరూపణే. కోటి పూర్ణాంకాలు చేయలేని పని మూడు సంఖ్యలు చేశాయి.

మొదట చెప్పిన ఏడు చోట్లు ఎక్కడినుంచి వచ్చాయో కూడా ఇప్పుడు తెలుస్తుంది. ఎక్స్, దాని వర్గం, దాని ఘనం, వీటిలో ఏ రెండు సమానమైనా అది సున్నా దగ్గరో, ఒకటి దగ్గరో, మైనస్ ఒకటి దగ్గరో జరుగుతుంది. వాటికి అవి సరిహద్దులు. ఇంకో లెక్కకు ఇంకో సరిహద్దులు. గోడమీద రాసుకోవాల్సింది ఆ ఏడు చోట్లు కాదని నా అభిప్రాయం. "ఎక్కడ సమానం?" అన్న ప్రశ్న రాసుకుంటే చాలు.

హారంలో ఎక్స్ ఉంటే మాత్రం ఇంకో జాగ్రత్త కావాలి. హారం సున్నా అయ్యేచోట విలువ నిజంగానే గెంతుతుంది, కాబట్టి అదీ సరిహద్దే. ఎక్స్‌కు 1 బై ఎక్స్ కలిపితే 2 కంటే తక్కువ కాదు అన్న ప్రసిద్ధమైన మాట తీసుకోండి. సమానమయ్యేది 1 దగ్గర. హారం సున్నా అయ్యేది సున్నా దగ్గర. మూడు ముక్కలు. మైనస్ 1 పెడితే మైనస్ 2 వచ్చింది, ఆ ముక్క పోయింది. అర పెడితే రెండున్నర, 2 పెట్టినా రెండున్నర. ధన సంఖ్యలన్నిటికీ నిజం, రుణ సంఖ్యల్లో ఒక్కదానికీ కాదు. 1 దగ్గర సరిహద్దు ఉన్నా అటూ ఇటూ గుర్తు మారకపోవడం గమనించారా? రెండు వైపుల తేడాను గీస్తే వచ్చే వక్రం అక్కడ సున్నాను తాకి వెనక్కి మళ్లింది, దాటలేదు. ఆ తేడాలో దాగి ఉన్నది ఎక్స్ మైనస్ 1 వర్గం; వర్గాలున్నచోట ఇలాగే జరుగుతుంది, ఏ వర్గమూ రుణం కాదు గనక. రుణ సంఖ్య వర్గం కాదు, కాబట్టి దానికి వర్గమూలం లేదు అని తొమ్మిదో శతాబ్దంలోనే రాసినవాడు మహావీరాచార్యుడు. ఆయన గణిత సార సంగ్రహాన్నే మన పావులూరి మల్లన తెలుగు చేశాడు.

సరిహద్దులు తెలియనప్పుడు ఎంత దూరం వెళ్లి చూసినా ఎలా మోసపోతామో చెప్పే కథ ఒకటుంది. ఒక సంఖ్య వరకు ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉన్నాయో అంచనా వేయడానికి గాస్ పదిహేను పదహారేళ్ల వయసులోనే ఒక దారి కనిపెట్టాడు. ఆ దారినే మెరుగుపరిచి, లాగరిథమిక్ ఇంటెగ్రల్ అనే ప్రమేయంతో అంచనా కడతారు. లెక్కపెట్టి చూసిన ప్రతిచోటా ఆ అంచనా అసలు సంఖ్య కంటే కొంచెం ఎక్కువే వచ్చింది. వెయ్యి దాకా చూసినా అంతే, పది లక్షల దాకా చూసినా అంతే. ఈ కాలంలో కంప్యూటర్ల సాయంతో 1 పక్కన 19 సున్నాలు పెట్టినంత దూరం పోయి చూశారు, ఒక్కచోటా తప్పలేదు. అయినా ఆ అసమీకరణం అబద్ధం. అది తిరగబడుతుందనీ, ఒకసారి కాదు అనంతంగా అనేకసార్లు తిరగబడుతుందనీ లిటిల్‌వుడ్ 1914లో నిరూపించాడు. రామానుజన్ కేంబ్రిడ్జి చేరిన ఏడాదే అది. ప్రధాన సంఖ్యల లెక్క గురించి రామానుజన్ అంతటివాడు అక్కడి గణితవేత్త హార్డీకి రాసి పంపిన మాటలు కొన్ని కూడా తప్పని తేలాయి. మొదటిసారి తిరగబడే చోటు ఫలానా సంఖ్య లోపే ఉంటుందని 1933లో స్క్యూస్ ఒక హద్దు చెప్పాడు, అదీ రీమాన్ ఊహ అనే, ఇంకా రుజువు కాని మాట నిజమనుకుని. ఆ హద్దును మామూలుగా రాద్దామంటే అంకెలకు లోకంలో ఉన్న కాగితం చాలదు. తర్వాతి వాళ్లు దాన్ని చాలా కిందికి దించారు. 317 అంకెలున్న ఒక సంఖ్య పరిసరాల్లో తిరగబడుతుందని ఇప్పుడు తెలుసు. అంతదూరం ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోవడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు.

అది ప్రధాన సంఖ్యల లోకం, దాని సరిహద్దులు మనకు వశం కావు. బీజగణితం అంత నిర్దయ కాదు. కూడికలు, తీసివేతలు, గుణకారాలతో కట్టిన అసమీకరణం ఏదైనా సరే, ఎన్ని చరరాశులున్నా సరే, దాని నిజానిజాలు తేల్చే యాంత్రికమైన పద్ధతి ఒకటి ఉందని పోలండ్ గణితవేత్త ఆల్ఫ్రెడ్ టార్స్కీ కనిపెట్టాడు. అది అచ్చయింది 1948లో. దాన్ని యంత్రాలకు పనికొచ్చేలా 1975లో తీర్చిదిద్దినవాడు జార్జ్ కాలిన్స్. కాలిన్స్ చేసిందేమిటో మీకు ఇప్పటికే తెలుసు. సరిహద్దులు కనుక్కోవడం, ముక్కలు చేయడం, ముక్కకొక నమూనా సంఖ్య పెట్టి చూడటం.

రెండు చరరాశులతో ఒక చిన్న నమూనా చూపిస్తాను. ఎక్స్ వర్గం, వై వర్గం కలిపితే, ఎక్స్ వైల లబ్ధానికి రెట్టింపు కంటే తక్కువ కాదు అంటారు. సమానమయ్యేది ఎక్కడ? ఎక్స్, వై సమానమైనప్పుడు మాత్రమే. తలమంతా పరుచుకుని ఉందనుకుంటే, దాని మధ్యలోంచి ఏటవాలుగా పోయే ఒక్క సరళరేఖ అది. రేఖ తలాన్ని రెండు ముక్కలు చేసింది. ఒక ముక్కలో 1, సున్నా పెట్టండి: ఎడమవైపు 1, కుడివైపు సున్నా. రెండో ముక్కలో సున్నా, 1 పెట్టండి: మళ్లీ 1, సున్నా. అయిపోయింది. అంకమధ్యమం గుణమధ్యమం కంటే తక్కువ కాదన్న పెద్ద సిద్ధాంతానికి మొదటి మెట్టు ఇదే. రెండు సంఖ్యల జతలతో తేలిపోయింది.

అయితే ఈ పద్ధతికి మోయలేని బరువు ఒకటుంది. చరరాశి ఒక్కటి పెరిగితే పని రెట్టింపు కాదు, దాదాపు వర్గమైపోతుంది. ఒక చరరాశికి 10 చోట్లు చూస్తే చాలనుకుందాం. రెండింటికి 100. మూడింటికి 10 వేలు. నాలుగింటికి 10 కోట్లు. ఇదే వరసన 14 చరరాశుల దగ్గరికి వచ్చేసరికి, చూడాల్సిన చోట్ల సంఖ్యలో 8 వేలకు పైగా అంకెలుంటాయి. పద్ధతి ఉంది, ఓపికే ఎవరికీ లేదు.

14 అన్నది ఊరికే అనలేదు. కొన్ని సంఖ్యల్ని గుండ్రంగా రాయండి. సున్నాలుండొచ్చు గాని పక్కపక్కన రెండు వద్దు, రుణ సంఖ్యలు అసలే వద్దు. ప్రతి సంఖ్యనూ దాని తర్వాత వచ్చే రెండింటి మొత్తంతో భాగించండి. వచ్చినవన్నీ కూడండి. మూడు సంఖ్యలైతే మొత్తం ఒకటిన్నర కంటే తగ్గదు. 1, 1, 1 పెడితే మూడు అరలు, సరిగ్గా ఒకటిన్నర. 1, 2, 3 పెడితే అయిదో వంతు, అర, ఒకటి, మొత్తం ఒకటీ దశాంశం ఏడు. దీన్ని నెస్బిట్ అసమీకరణం అంటారు, 1903 నాటిది. ఎన్ని సంఖ్యలు రాసినా మొత్తం రాసిన సంఖ్యల లెక్కలో సగానికి తగ్గదా అని 1954లో హెరాల్డ్ షాపిరో అడిగాడు. నాలుగు పెట్టినా తగ్గదు. అయిదు, ఆరు, పది, పన్నెండు పెట్టినా తగ్గదు. అన్నీ ఒకట్లు పెట్టి చూసినా, పెద్దవీ చిన్నవీ కలిపి పెట్టినా తగ్గదు. రెండేళ్లకే లైట్‌హిల్ 20 సంఖ్యలతో దాన్ని పడగొట్టాడు. తర్వాత ముప్పై ఏళ్లపాటు ఒక్కొక్కటే తేలుతూ వచ్చి చివరికి లెక్క ఇలా మిగిలింది: సరి సంఖ్యల్లో 12 దాకా నిజం, 14 నుంచి అబద్ధం. బేసి సంఖ్యల్లో 23 దాకా నిజం, 25 నుంచి అబద్ధం. 13కు నిలబడుతుంది, 14కు పడుతుంది, 15కు మళ్లీ లేచి నిలబడుతుంది. ఇంత చిత్రమైన నడక బీజగణితంలో నేను ఇంకెక్కడా చూడలేదు.

14 దగ్గర అది ఎలా పడుతుందో 1985లో ట్రోష్ అనే గణితవేత్త పూర్ణాంకాలతోనే చూపించాడు. పెన్సిల్ ఉంటే రాసుకోండి. సున్నా, 42, 2, 42, 4, 41, 5, 39, 4, 38, 2, 38, సున్నా, 40. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. 2, 3, 10 పెట్టే చేతికి ఎన్నటికీ తోచని రకం ఇది. భాగహారాలు చేయండి. మొదటిది సున్నా, దాని వాటా సున్నా. రెండోది 42, దాని తర్వాతివి 2, 42, వాటి మొత్తం 44. కాబట్టి 42 బై 44. మూడోది 2, దాని తర్వాతివి 42, 4. కాబట్టి 2 బై 46. ఇలా పోతూ పోతూ చివరి 40 దగ్గరికి వస్తే, గుండ్రంగా రాశాం గనక దాని తర్వాతివి మళ్లీ మొదటి సున్నా, 42. కాబట్టి 40 బై 42. పద్నాలుగు భిన్నాలూ కూడితే 7 కంటే తగ్గకూడదు. వచ్చేది 6 దశాంశం 999994 చిల్లర. పది లక్షల్లో అయిదు వంతుల తేడా. మూడు నాలుగు దశాంశ స్థానాలతో సరిపెట్టుకుంటే 7 వచ్చినట్టే కనిపిస్తుంది, కాబట్టి కనీసం ఏడు స్థానాల దాకా వేయండి.

సమయం ఇంకా కొంచెం ఉంది. రాసుకోలేకపోయినవారి కోసం ఆ పద్నాలుగు సంఖ్యలూ మళ్లీ చదువుతాను, మెల్లగా.

సున్నా. 42. 2. 42. 4. 41. 5. 39. 4. 38. 2. 38. సున్నా. 40.